ఋజురేఖా సమీకరణము: దాని పూర్వకథ

కొన్ని నెలల క్రిందట మా పూర్వవిద్యార్థిని యొకతె మమ్ము చూడవచ్చెను. ఉన్నత పాఠశాలలో ఆమె మా కడ గణితము చదువుకొన్నది. ఇప్పుడు రవికలు కుట్టి యిల్లు నడుపుకొనుచున్నది. రెండు కుట్టుమిషనులు కొనుటకై ఆమెకు 20,000 రూపాయల యప్పు కావలసివచ్చెను. ఒక వర్తకుడు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ యడిగెను. అనగా నెలకు 600 రూపాయలు. మఱియొకడు నూటికి రెండున్నర చాలుననెను. అనగా నెలకు 500 రూపాయలు. అయితే కాగితముల ఖర్చుల క్రింద ముందుగా 1,200 రూపాయలు పుచ్చుకొందునని మెల్లగా మాట కలిపెను. ఆమె రెండవవాని కడనే యప్పు తీసికొని, ఎనిమిది నెలలు వడ్డీ కట్టి, అసలు తీర్చివేసెను. తీర్చిన పిమ్మట లెక్క చూచికొనగా వడ్డీకిని ఖర్చులకును కలిపి 5,200 రూపాయలు పోయినట్లు తేలెను. మొదటివాని కడ తీసికొనియుండినచో 4,800 రూపాయలతో ముగిసియుండెడిది.

“మాస్టారూ, అయిదువందలు ఆరువందలకంటె తక్కువే గదా! మరి నాకు ఎక్కువ ఎట్లా పడింది?” అని యామె యడిగెను.

ఈ ప్రశ్నకు జవాబు ఆమె చదివిన బీజగణిత పుస్తకములోనే యున్నది. మేమే దానిని నల్లబల్లమీద వ్రాసి చూపియుంటిమి. ‘వై = ఎమ్ ఎక్స్ + సి’ అనునది ఋజురేఖా సమీకరణమనియు, ఎమ్ అనగా వాలనియు, సి అనగా అంతరఖండమనియు వల్లింపజేసితిమి. “ఈ సి ఎందుకు కలపాలండీ?” అని యానాడు ఆ పిల్లయే లేచి యడిగినట్లు మాకు బాగుగా జ్ఞాపకమున్నది. “సూత్రములో ఉన్నది గనుక. పరీక్షకు అంతే చాలు, కూర్చో” అని మేము బదులు చెప్పితిమి. ఆనాడు మేము చెప్పక విడిచిన ఆ ‘సి’ యే ఇప్పుడు కాగితముల ఖర్చను పేరుతో వచ్చి యామె చేతినుండి 1,200 రూపాయలు పుచ్చుకొన్నది. నష్టము నాలుగువందల రూపాయలే కావచ్చును. అయినను అది యామె సూది పట్టి సంపాదించిన సొమ్ము. తప్పు ఆమెది కాదు.

కావున ఆనాడు చెప్పవలసినదానిని ఈనాడు చెప్పబూనితిమి. వాలు, అంతరఖండము అను రెండు భావములు ఏ ఒక్క పండితుని మెదడునుండియు ఒక్క దినమున పుట్టినవి కావు. వానికి వేయేండ్లకు మించిన చరిత్రము గలదు. ఆ చరిత్రమును తెలిసికొన్నచో సూత్రము దానంతట నర్థమగును.

మన దేశమున లెక్క నేర్చినవారి చేతిలోని మొదటి యాయుధము త్రైరాశికము. ఆర్యభటుడు 499 లో తాను రచించిన ఆర్యభటీయమున గణితపాదమునందు దీనిని బోధించెను. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ యని మూడు రాశులు తెలిసియుండును. ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగించినచో ఇచ్ఛాఫలము లభించును. మూడు కిలోల బియ్యము 180 రూపాయలైనచో ఏడు కిలోలకు 420 రూపాయలని మన యిండ్లలో స్త్రీలు కాగితము పట్టకయే చెప్పుదురు. ఇందులో ఫలమును ప్రమాణముచే భాగింపగా వచ్చు 60 అనునది కిలో ఒక్కంటి ధర. కిలో పెరిగినకొలది ధర ఎంత పెరుగునో ఆ సంఖ్య చెప్పుచున్నది. నేటి పుస్తకములు దీనినే వాలనుచున్నవి. వాలనగా మఱేమియు కాదు; ఒకటి పెరిగినప్పుడు రెండవది ఎంత మాఱునో చెప్పు సంఖ్య.

తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి యగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితము సంస్కృతము నేర్చినవారి సొత్తుగానే యుండక తెలుగువారి యిండ్లకును రావలెనను కోరిక మనవారిలో అంత పురాతనమైనది.

త్రైరాశికము సొగసైన సాధనమే. కాని దానికొక కట్టుబాటు గలదు. మొదటి రాశి సున్న యైనప్పుడు రెండవదియు సున్న కావలెను. బియ్యము కొననిచో డబ్బీయనక్కఱలేదు. అందుచేత అచ్చట త్రైరాశికము చెల్లును. ఈ కట్టుబాటును మఱచినచో ఏమగునో చూడుడు. ఆరోగ్యవంతుని శరీరోష్ణము సెంటిగ్రేడు కొలతలో 37 అంశములు. ఫారన్‌హీటు కొలతలో 98.6 అంశములు. బిడ్డకు జ్వరము తగిలి తాపమాపకము సెంటిగ్రేడులో 40 చూపినదనుకొందము. ఫారన్‌హీటుకు అలవాటుపడిన తల్లి, ముప్పదియేడునకు 98.6 అయిన నలువదికెంత యని త్రైరాశికము వేసినచో 106న్నరకు పైగా వచ్చును; ఆమె గుండె యాగిపోవును. నిజమునకు అది 104 మాత్రమే. అదియు వైద్యుని పిలువవలసిన జ్వరమే కాని 106న్నరకును 104కును చాల భేదమున్నది. తప్పెచ్చట వచ్చినది? సెంటిగ్రేడు సున్న యైనచోట ఫారన్‌హీటు సున్న కాదు, 32. ఆ ముప్పదిరెంటిని త్రైరాశికము లెక్కలోనికి తీసికొనలేదు.

మొదటినుండియే యున్న ఇట్టి మొత్తమును లెక్కలో చేర్చుటకు మన బీజగణితము మార్గము చూపినది. భాస్కరాచార్యుడు 1150 లో సిద్ధాంతశిరోమణిని రచించెను. ఆయన బీజగణితములో నొక చక్కని సమస్య గలదు. ఒకనికడ ఆరు గుఱ్ఱములును మున్నూఱు రూపములును ఉన్నవి. వేఱొకనికడ అదే వెలగల గుఱ్ఱములు పది యున్నవి. కాని యతడు నూఱు రూపములు ఋణపడియున్నాడు. ఇరువురి సంపదయు సమానము. గుఱ్ఱము వెల యెంత? ఇదియే ప్రశ్న.

తెలియని వెలకు భాస్కరుడు యావత్తావత్తని పేరుపెట్టి, దానిని ‘యా’ అను అక్షరముతో గుర్తించెను. తెలిసిన సంఖ్యను ‘రూ’ అను అక్షరముతో గుర్తించెను. మొదటివాని సంపద యా 6 రూ 300. రెండవవాని సంపద యా 10 రూ 100. అయితే ఇచ్చటి నూఱు ఋణము గనుక దానిపై నొక చుక్క పెట్టుట ఆనాటి సంప్రదాయము. రెండును సమానములని యుంచి, ఆరు యావత్తావత్తులను పదింటినుండి తీసివేయగా నాలుగు మిగులును. మున్నూఱును ఋణమైన నూఱును రెండవవైపున కలిసి నన్నూఱగును. నన్నూఱును నాలుగింట భాగింపగా గుఱ్ఱము వెల నూఱు. సరిచూడుడు: మొదటివానికి ఆరునూఱులును మున్నూఱును కలిసి 900, రెండవవానికి వేయిలో నూఱు పోగా 900.

ఇచ్చట మన పాఠపుస్తకపు సూత్రమంతయు కన్నులకు కట్టుచున్నది. గుఱ్ఱము వెల ఒక్క రూపము పెరిగినచో మొదటివాని సంపద ఆరు రూపములు పెరుగును. రెండవవానిది పది పెరుగును. ఈ ఆరును పదియును వాలులు. గుఱ్ఱమునకు వెలయే లేకుండినను మొదటివానికి మున్నూఱు రూపములుండును. రెండవవానికి నూఱు రూపముల ఋణముండును. ఈ మున్నూఱును, ఋణమైన నూఱును అంతరఖండములు. వాలు గుఱ్ఱముల సంఖ్య. అంతరఖండము గుఱ్ఱములతో సంబంధము లేని సొమ్ము. ఈ రెంటిని వేఱుచేసి చూడగలవానికి సమీకరణము తెలిసినట్లే.

ఇంకొక యడుగు వేయుదము. రెండవవాని సంపద సున్న కావలెనన్నచో గుఱ్ఱము వెల యెంత యుండవలెను? పది గుఱ్ఱముల వెల నూఱు ఋణమునకు సరిపోవలెను గనుక వెల పది రూపములు. అనగా గుఱ్ఱము పదికి అమ్ముడుపోయిన దినమున అతడు ఋణవిముక్తుడగును. పుస్తకములు ‘ఎక్స్ అంతరఖండ’మని చెప్పు సంఖ్య యిదియే, ‘వై’ని సున్నగా చేసినచో వచ్చునది. ఈ ప్రశ్ననే మొదటివానిగూర్చి యడిగినచో ఋణమైన ఏబది వచ్చును. గుఱ్ఱమునకు ఋణమైన వెల లోకములో లేదు. గణితము సమాధానమిచ్చినను లోకవ్యవహారము దానిని ఒప్పుకొనదు. అట్టి సమాధానమును గుర్తుపట్టి విడుచుటయు విద్యలో భాగమే. ఇరువురికడను ఆరేసి గుఱ్ఱములే యుండినచో ఏమగును? ఒకనికి ధనమును వేఱొకనికి ఋణమును ఉన్నంతవరకు వెల యెంత పెరిగినను వారి సంపదలు ఎన్నటికిని సమానము కావు. సమాంతరరేఖలు కలియవను మాటకు లోకములోని యర్థమిది.

అయితే భాస్కరుడు ఈ రెండు సంపదలను రెండు గీతలుగా గీయలేదు. అక్షరములతోనే పని ముగించెను. 1600 ప్రాంతమున కృష్ణదైవజ్ఞుడు భాస్కరుని బీజగణితమునకు బీజపల్లవమను వ్యాఖ్య వ్రాసెను. ధనర్ణములను వివరించుచు అతడు, తూర్పుగా పోవుట ధనమైనచో పడమరగా పోవుట ఋణమని దిక్కులతో పోల్చి చెప్పెను. ఒకే గీతమీద సున్నకు కుడివైపున ధనసంఖ్యలు, ఎడమవైపున ఋణసంఖ్యలు ఉంచు నేటి పద్ధతికి ఈ భావము మిక్కిలి చేరువైనది. కాని నిలువుగీతను అడ్డగీతను కలిపి, సమీకరణమునకు రూపము కల్పించు పని మన దేశమున జరుగలేదు. ఇది చెప్పుకొనుటకు మనము సంకోచింపనక్కఱలేదు. విద్య ఏ దేశమున ఏ భాగము పెరిగినదో ఆ దేశమునకు ఆ భాగపు కీర్తి చెందును. నేర్చుకొనువానికి రెండును కావలెను.

ఆ పని ఐరోపాలో జరిగెను. పదునాలుగవ శతాబ్దమున పారిసునగరపు విద్వాంసుడైన నికోల్ ఓరేము, మాఱుచుండు గుణములను చిత్రించుట కొక విధానము కనిపెట్టెను. అడ్డముగా నొక గీత గీసి దానిని కాలముగా భావించెను. ఆయా క్షణములలోని వేగమును ఆ గీతపై నిలువుగీతలుగా నిలిపెను. వేగము మాఱకున్నచో ఆ నిలువుగీతల కొనలు కలిపినప్పుడు దీర్ఘచతురస్రము ఏర్పడును. సున్ననుండి క్రమముగా పెరుగుచున్నచో త్రిభుజము ఏర్పడును. మొదటనే కొంత వేగముండి పిమ్మట క్రమముగా పెరిగినచో ఏటవాలు పైకప్పుగల నాలుగు భుజముల యాకారమేర్పడును. దీర్ఘచతురస్రపు పైగీతకు వాలు సున్న. త్రిభుజపు పైగీతకు వాలున్నది, అంతరఖండము లేదు. మూడవ దానికి రెండును గలవు. ఓరేమునకు మన సమీకరణము తెలియకున్నను దాని బొమ్మ తెలియును.

మన దేశమున అక్షరమును, అచ్చట బొమ్మయును వేఱువేఱుగా నుండగా, ఆ రెంటిని కలిపినవారు పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి పండితులిరువురు. డెకార్టు 1637 లో లైడెను పట్టణమున ముద్రింపించిన గ్రంథమునకు అనుబంధముగా తన జ్యామితిని ప్రకటించెను. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ అను అక్షరములు వాడు ఆచారము ఆయనతోనే స్థిరపడినది. ఆ కాలమునందే తులూజు న్యాయస్థానమున ఉద్యోగియైన ఫెర్మా వేఱుగా నొక లాటిను గ్రంథము వ్రాసెను. అది వ్రాతప్రతిగానే చేతులు మాఱి, ఆయన మరణించిన పదునాలుగేండ్లకు, 1679 లో అచ్చుపడెను. రెండు తెలియని రాశులు గల మొదటితరగతి సమీకరణము ఏదైనను ఋజురేఖనే యిచ్చునని ఆ గ్రంథము స్పష్టముగా చెప్పినది. ఫెర్మా మొదట తీసికొన్న సమీకరణము స్థిరరాశి లేనిది. అనగా మన త్రైరాశికమే. దాని గీత మూలబిందువుగుండా పోవును. పిమ్మట ఆయన స్థిరరాశిని చేర్చిన సమీకరణమును తీసికొని, అదియు ఋజురేఖయే యని చూపెను. త్రైరాశికమునుండి భాస్కరుని గుఱ్ఱముల లెక్కకు మనవారు నడచిన త్రోవనే ఆయనయు బొమ్మలో నడచెను.

డెకార్టుకుగాని ఫెర్మాకుగాని ఋణసంఖ్యల వైపునకు గీతను పొడిగించుట అలవాటు లేదు. 1704 లో అచ్చైన తన గ్రంథమున న్యూటను రెండక్షములకును రెండువైపులను స్వేచ్ఛగా వాడెను. అప్పుడు గాని ఋణమైన నూఱునుండి బయలుదేఱు రెండవ వర్తకుని గీతకు కాగితముమీద చోటు దొరకలేదు.

ఇక అక్షరములమాట. వాలునకు ఎమ్ అను అక్షరమే యెందులకు? పైకెక్కుట యను అర్థముగల ఫ్రెంచి మాటలో మొదటి యక్షరమని కొందఱు ఉపాధ్యాయులు చెప్పుచుందురు. మేమును చిరకాలమట్లే చెప్పితిమి. దానికి ఆధారమేదియు కనబడలేదు. ఫ్రెంచివాడైన డెకార్టు ఆ యక్షరమును వాలునకు వాడనేలేదు. 1757 లో ఇటలీదేశీయుడైన విన్సెంజో రిక్కాటి వ్యాసమున అది కనబడుచున్నది. ఆంగ్లమున ఓబ్రయను 1844 లోను, డబ్లినునగరపు సామను 1848 లోను దానిని వాడిరి. అమెరికా పుస్తకములలో అంతరఖండమునకు ‘బి’ అను అక్షరమును, మన దేశపు పుస్తకములలో ‘సి’ అను అక్షరమును నిలిచినవి. అక్షరము పేరుమాత్రమే. భాస్కరుని యావత్తావత్తు పోయి ఎక్స్ వచ్చినంతమాత్రమున గుఱ్ఱము వెల మాఱలేదు. పిల్లలు అక్షరమునకు భయపడుచున్నారన్నచో దాని వెనుక నున్న గుఱ్ఱమును మనము చూపలేదని యర్థము.

మరల తాపమాపకమునకు వత్తము. ఫారన్‌హీటు తన కొలతను 1724 లో ప్రకటించెను. స్వీడనుదేశమున ఉప్సాలా పట్టణపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సెల్సియసు 1742 లో తన కొలతను ప్రకటించెను. నేటి సెంటిగ్రేడులో మంచు కరగుచోట సున్న, నీరు మరగుచోట నూఱు. ఫారన్‌హీటులో అవి వరుసగా 32, 212. మొదటి దానిలో నూఱంశములు పెరిగినప్పుడు రెండవదానిలో 180 పెరుగుచున్నవి. కావున వాలు నూటికి నూటయెనుబది, అనగా ఐదింటికి తొమ్మిది. అంతరఖండము 32. రెండు బిందువులు తెలిసినచో వాలును కనుగొను విధానమిదియే: నిలువు భేదమును అడ్డభేదముచే భాగింపవలెను. నలువది సెంటిగ్రేడును తొమ్మిదింట గుణించి ఐదింట భాగింపగా 72. దానికి 32 కలుపగా 104. పైన బిడ్డ జ్వరమునకు మేమిచ్చిన లెక్క యిదియే.

ఇందులో నొక విశేషమున్నది. సెల్సియసు మొదట తన కొలతను తలక్రిందుగా నిలిపెను. నీరు మరగుచోట సున్నయు, మంచు కరగుచోట నూఱును పెట్టెను. 1744 లో ఆయన మరణించిన తరువాత దానిని త్రిప్పివేసిరి. ఆయన మొదటి కొలత ప్రకారము వేడి పెరిగినకొలది సంఖ్య తగ్గును. దానిని ఫారన్‌హీటుతో జతచేసి గీత గీసినచో 212 దగ్గఱ మొదలై కుడివైపునకు దిగుచు పోవును. వాలు అదే తొమ్మిదైదవవంతు, కాని ఋణము. ఋణమైన వాలనగా గీత దిగుచున్నదని మాత్రమే యర్థము. వేడిలో లోపమేదియు లేదు. మనము లెక్కించు దిక్కు మాఱినది.

అంతరఖండ మొకప్పుడు ప్రకృతిరహస్యమును సైతము బయటపెట్టినది. మూసిన పాత్రలోని గాలిని చల్లార్చినకొలది దాని యొత్తిడి క్రమముగా తగ్గునని ఫ్రెంచివాడైన అమొంతన్ పదునెనిమిదవ శతాబ్దారంభమున గమనించెను. సున్న సెంటిగ్రేడులో ఒత్తిడి ఒకటియైనచో, అంశమొక్కంటికి సుమారు 273 వ వంతు తగ్గుచుండును. ఆ గీతను ఎడమవైపునకు పొడిగించినచో ఋణమైన 273 దగ్గఱ అడ్డగీతను తాకును. అచ్చట ఒత్తిడి సున్న. దానికి దిగువ ఒత్తిడి ఉండజాలదు గనుక చలికిని ఒక అడుగు ఉండవలెను. 1848 లో విలియం థామ్సను, అనగా పిమ్మటి కెల్విను ప్రభువు, నిరపేక్షమైన ఉష్ణమానమును ప్రతిపాదించెను. నేడు ఆ యడుగు ఋణమైన 273.15 అంశములని నిశ్చయమైయున్నది. ఏ మానవుడును ఆ చలిని తాకలేదు. నిజమైన వాయువులు అంత దూరము పోకమునుపే ద్రవములగును. అయినను కొలిచిన కొలదిచోటునుండి గీసిన గీత కొలువరాని చోటును చూపినది.

వాలును తప్పుగా కొలిచినచో ఏమగునో దానికిని ఉదాహరణము గలదు. 1929 లో అమెరికాదేశపు హబులు, దూరమున నున్న నక్షత్రమండలములు దూరమునుబట్టి అంత వేగముగా దవ్వగుచున్నవని గీత గీసి చూపెను. సుమారు 32.6 లక్షల కాంతిసంవత్సరముల దూరమున కొక్కంటికి సెకనుకు 500 కిలోమీటర్ల వేగము పెరుగునని ఆయన గీతకు వాలు వచ్చెను. దానినిబట్టి విశ్వపు వయస్సు సుమారు 200 కోట్ల సంవత్సరములే యగుచుండెను. భూమిమీది ఱాళ్లు అంతకంటె వయసుగలవి. బిడ్డ తల్లికంటె పెద్దదైనట్లు! దూరములను తక్కువగా కొలుచుటచే వాలు ఎక్కువైనదని పిమ్మట తేలెను. నేటి కొలతలలో ఆ సంఖ్య సుమారు 70. విశ్వపు వయస్సు 1,380 కోట్ల సంవత్సరములని నేటి శాస్త్రజ్ఞుల లెక్క. గీత ఋజువుగానే యుండెను; వాలొక్కటే తప్పెను.

చదువరులకు మఱి రెండు హెచ్చరికలు చేయవలసియున్నది. అడ్డముగా సాగు గీతకు వాలు సున్న. ఎంత నడిచినను ఎత్తు మాఱదు. నిట్టనిలువు గీతకు వాలు సున్న కాదు. అసలు వాలనునదియే లేదు. అడ్డభేదము సున్న యైనప్పుడు దానిచే భాగింపజాలము. ఈ రెంటిని కలగాపులగము చేయు బాలురు అనేకులు. రెండవది, గీత చూపులకు ఎంత నిటారుగా నున్నదో దానినిబట్టి వాలును నమ్మరాదు. 1786 లో విలియం ప్లేఫేరు ఇంగ్లాండు వర్తకపు లెక్కలను గీతలుగా గీసి గ్రంథముగా ప్రకటించినది మొదలు, దేశపు లెక్కలు గీతలలో చూపుట వాడుకయైనది. నిలువు కొలతను సాగదీసినచో చిన్న పెరుగుదల పర్వతమువలె కనబడును. కుదించినచో పర్వతము మైదానమగును. గీతను చూచినప్పుడు ప్రక్కనున్న సంఖ్యలను చదువవలెను. సున్న ఎచ్చట నున్నదో వెదకవలెను. వార్తాపత్రికలు, వర్తకులు, ఎన్నికలవారు, అందఱును గీతలు చూపు ఈ కాలమున ఇది ప్రతి గృహస్థునకును అవసరమైన రక్షణము.

ఆ దినమున మే మొక చౌకళ్ల కాగితము తెప్పించి మా పూర్వవిద్యార్థిని ముందఱ పెట్టితిమి. అడ్డముగా నెలలు, నిలువుగా రూపాయలు. మొదటి వర్తకుని గీత మూలబిందువునుండి బయలుదేఱి నెలకు 600 చొప్పున ఎక్కెను. రెండవవానిది 1,200 దగ్గఱ మొదలై నెలకు 500 చొప్పున ఎక్కెను. రెండును పండ్రెండవ నెలలో 7,200 రూపాయల దగ్గఱ కలిసికొనెను. ఏడాదిలోపల అప్పు తీర్చువారికి మొదటివాడు మేలు; ఏడాది దాటువారికి రెండవవాడు మేలు. ఇరువురిలో ఎవడును అబద్ధమాడలేదు. రెండవవాడు వాలును గట్టిగాను, అంతరఖండమును మెల్లగాను పలికెను, అంతే. ఆమె రెండవ గీత నిలువుగీతను తాకుచోట వ్రేలుంచి, “ఇదేనా మాస్టారూ, మీరు చెప్పిన సి?” యని యడిగెను. ఔనంటిమి. అంతకుమించి మాట రాలేదు.

భాస్కరుని లీలావతిలో అనేక సమస్యలు ఒక బాలికను సంబోధించి యడిగినట్లున్నవి. ఆమె భాస్కరుని కూతురను కథ 1587 లో ఫైజీ చేసిన పారశీకానువాదపు పీఠికలో కనబడుచున్నది. కథ నిజమగునో కాదో గాని పద్యములలోని సంబోధన నిజము. స్త్రీని పిలిచి లెక్క యడిగిన పుస్తకమును వందల యేండ్లు వల్లించిన దేశమున, ఆడుబిడ్డకు గణితమెందులకను మాట ఎట్లు పుట్టెనో మాకు తెలియదు. నేడు ఆ మాట పైకి అనువారు తగ్గిరి. కాని బడిలో ఆమె లేచి ప్రశ్న యడిగినప్పుడు, పరీక్షకు అంతే చాలని కూర్చుండబెట్టు మావంటివారు తగ్గలేదు. తలుపు తెఱచి లోనికి పిలిచి దీపమార్పుటకంటె ఇది ఏమి మేలు?

కావున తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. మీ యింట పిల్ల బీజగణితపు పుస్తకము తెఱచినప్పుడు, మీకు ఆ విద్య రాకున్నను, రెండు ప్రశ్నలు వేయుడు: “ఒకటి పెరిగితే ఇది ఎంత పెరుగును? ఏమియు లేనప్పుడు ఎంత యుండును?” మొదటిది వాలు, రెండవది అంతరఖండము. పాలవాని లెక్కలోను, వడ్డీ లెక్కలోను, జ్వరపు లెక్కలోను ఈ రెండు ప్రశ్నలే యున్నవి. పిల్ల వానికి జవాబు చెప్పగలిగినచో సూత్రము తరువాత వచ్చును. చెప్పలేక మిమ్మే తిరిగి ప్రశ్నించినచో, మేము చేసిన తప్పు మీరు చేయకుడు.